పెనుకొండ సీమలో హేమంతపు పెరడు

మంచు కురిసే దేశాలలో శీతాకాలం తోటకు నిద్రాకాలం. ఆకులన్నీ రాల్చుకున్న చెట్లు, తెల్లటి పొర కింద కనుమరుగైన పాదులు, ఆ తెలుపు మీద నల్లగా తేలే కొమ్మల అల్లిక, వీటిలో ఒక అందాన్ని చూడడం ఐరోపా, జపాను వంటి చోట్ల తరతరాలుగా అలవడిన రసదృష్టి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలున్న రాయలసీమ పడమటి భాగంలో హిమపాతం లేదు. ఇక్కడ మంచు అన్నది మార్గశిర, పుష్య మాసాల తెల్లవారుజామున చెరువుల మీదుగా లేచి ఊళ్ళను కమ్ముకునే పొగమంచు రూపంలోను, సూర్యోదయం వేళకు ఆకుల కొసలను బరువెక్కించే బిందువుల రూపంలోను మాత్రమే కనబడుతుంది. అయితే ఈ సీమ ఇంటితోట చరిత్రను పరిశీలించినప్పుడు, ఇక్కడ తోట నిద్రించేది వేసవిలోననీ, కళ్ళు తెరిచేది చలికాలంలోననీ స్పష్టమవుతుంది. ఆ మేలుకొలుపులో వాతావరణం పాత్ర ఎంత ఉన్నా, ఆరువందల ఏళ్ళకు పైగా ఈ నేల మీద చెరువులు కట్టి, కాలువలు మళ్ళించి, బావి నీటిని చేదతో తోడి, వాడిన నీటిని సైతం పాదులకు పారించిన మనుషుల పాత్ర అంతకంటే పెద్దది.

ఈ ప్రాంతం మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉంది. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉండగా, ఉత్తరంగా దిగివచ్చేకొద్దీ నేల పల్లమై ధర్మవరం దగ్గర దాదాపు 350 మీటర్లకు చేరుతుంది. అందువల్ల డిసెంబరు, జనవరి నెలల్లో హిందూపురం, మడకశిర వైపు చలి ధర్మవరంలో కంటే గట్టిగా ఉంటుంది. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసి ఇటు వచ్చేసరికి తేలిపోతాయి; ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, కొండలు దాటేసరికి చిక్కిపోతాయి. పూర్వపు అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడడానికి, దేశంలోని మిక్కిలి పొడి ప్రాంతాలలో ఒకటిగా ఈ జిల్లా పేరుబడడానికి ఇదే కారణం. ఆ కొద్దిపాటి వానలోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలది కాబట్టి, చెరువులు నిండేది ఆశ్వయుజంలో. వాటి ఊటతో ఊరి బావుల్లో నీటిమట్టం పైకి వచ్చేది కార్తికంలో. నీరు చేతికందే ఎత్తులో ఉండి, ఎండ మెత్తబడి, తడి త్వరగా ఆరిపోని ఆ మూడు నాలుగు నెలలే ఇంటితోటకు నిజమైన కాలం.

పొగమంచు కూడా ఆ వానకు కొనసాగింపే. నేల ఇంకా చెమ్మగా ఉండి ఆకాశం మబ్బు లేకుండా ఉన్న రాత్రి, పగలు పుచ్చుకున్న వేడిని నేల త్వరగా పైకి వదిలేస్తుంది. దానికి ఆనుకున్న గాలి చల్లబడి, అందులోని ఆవిరి బిందువులుగా మారి ఆకుల మీద నిలుస్తుంది, గాలి కదలకపోతే పొగలా తేలుతుంది. చెరువు ఆయకట్టులో, అంటే చెరువు నీటితో సాగయ్యే పల్లపు భూముల్లో, కొండల నడుమ ఉన్న లోయల్లో ఇది చిక్కగా పడుతుంది. పెనుకొండ ఊరు కొండ పాదాన ఉండడం వల్ల అక్కడ కొన్ని ఉదయాలు కోట బురుజులు కనబడకుండా పోయి, ఇళ్ళ పెరళ్ళు మాత్రమే కనబడతాయి.

పెనుకొండకు సంస్కృతంలో ఘనగిరి అని పేరు. విజయనగర రాజ్యం ఏర్పడిన తొలి రోజుల్లోనే ఇది ఒక రాజ్యభాగానికి ముఖ్యపట్టణమైంది. మొదటి బుక్కరాయల కుమారుడు వీర విరుపణ్ణ ఒడెయరు ఇక్కడ పాలిస్తుండగా మంత్రి అనంతరసు కోట కట్టించినట్లు 1354 నాటి శాసనం తెలుపుతుంది. చరిత్ర గ్రంథాలు ఈ కోటనే ఎక్కువగా చెప్పుకొచ్చాయి. ఇంటితోట చరిత్రకు మాత్రం అంతకంటే విలువైనది 1388 నాటి మరొక శాసనం; అది నేటి కర్ణాటకలోని గౌరిబిదనూరు ప్రాంతంలో దొరికింది. రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండగా, సమస్త ప్రాణులకు నీరే ప్రాణమని తలచి, హెన్నె నదిని, అంటే పెన్నను, పెనుకొండకు తీసుకురావలసిందిగా సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుణ్ణి ఆజ్ఞాపించాడనీ, అతడు సిరువెర చెరువుకు కాలువ తవ్వించి దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడనీ అందులో ఉంది. జలసూత్రం అంటే నీటి వాలును కొలిచి, నేల ఎత్తుపల్లాలను లెక్కగట్టి, కాలువ దారిని నిర్ణయించే విద్య. నంది కొండల్లో పుట్టిన పెన్న హిందూపురం దగ్గర తెలుగు నేలలో అడుగుపెట్టి, పెనుకొండ పట్టణాన్ని తాకకుండా ఉత్తరానికి సాగిపోతుంది. దానిని పట్టణం వైపు తిప్పాలని ఒక రాకుమారుడు కోరడం, ఆ పని చేసిన నిపుణుని పేరు రాతి మీద నిలవడం, దక్కను చరిత్రలో తరచుగా కనబడే సంగతి కాదు. రాజుల పేర్లు, దండనాయకుల పేర్లు వందలుగా దొరికే శాసనాల నడుమ ఒక నీటి ఇంజనీరు పేరు దొరకడం ఈ సీమ గర్వించదగిన విషయం.

ఇది ఒంటరి ఉదాహరణ కూడా కాదు. పొరుగునున్న కడప సీమలో, 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం మొదటి బుక్కరాయల మరో కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును వర్ణిస్తూ, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను శాస్త్రగ్రంథంలా విడమరచి చెబుతుంది. చిత్రావతి నది మీద బుక్కరాయల పేరును మోస్తున్న బుక్కపట్నం చెరువు, దాని దిగువన ధర్మవరం చెరువు, హిందూపురం వద్ద జయమంగళి, పెన్న నదుల కలయిక దగ్గరి పరిగి చెరువు ఈ జలవిద్య ఫలాలే. పూర్వులు మనిషి వెనుక మిగలవలసిన సప్తసంతానాలలో తటాకాన్ని, వనాన్ని పక్కపక్కనే చేర్చడాన్ని కేవలం పుణ్యకార్యాల పట్టికగా చూడడం సరికాదు. చెరువు లేకుండా వనం బతకదని ఈ పొడి నేల మీద ప్రతి తరమూ తెలుసుకున్న అనుభవం అందులో ఉంది.

విజయనగర కాలపు జీవనంలో పువ్వుకున్న చోటును విదేశీయులు ఆశ్చర్యంతో గమనించారు. 1443లో తైమూరు వంశపు షారుఖ్ రాయబారిగా విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్, అక్కడ గులాబీలు అన్నిచోట్లా అమ్ముడవుతున్నాయనీ, ఆహారమెంతో పువ్వూ అంతే అవసరమన్నట్లు ప్రజలు ఉంటున్నారనీ రాశాడు. కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదకు శ్రీవిల్లిపుత్తూరులో తోట పెంచి స్వామికి పూలదండలు కట్టిన విష్ణుచిత్తుని ఇంటినే రంగస్థలంగా ఎన్నుకున్నాడు. అదే గ్రంథంలోని రాజనీతి భాగంలో చెరువులు, కాలువలు తవ్వించి బీద రైతుకు పన్ను తగ్గించాలని ఉపదేశించాడు. పూలతోట, నీటిపారుదల ఒకే కావ్యంలో చేరడం ఈ కాలపు ఆలోచనా విధానానికి తగినదే. దేవాలయాలకు అనుబంధంగా నందనవనాలు, అనగా స్వామి కైంకర్యానికి పూలు, తులసి పెంచే తోటలు ఉండేవి. ఇళ్ళ పెరళ్ళలోని మొక్కలలో ఎక్కువ భాగం ఆ నందనవనాలలో కనబడే మొక్కలే కావడాన్ని బట్టి, గుడితోటకు, ఇంటితోటకు మధ్య రాకపోకలు ఉండేవని ఊహించడం సమంజసం.

1565 నాటి యుద్ధంలో విజయనగరం పతనమైన తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. కింద కమానులు, పైన గోపురం వంటి శిఖరంతో నేటికీ నిలిచి ఉన్న గగన్ మహల్ ఆ దశకు గుర్తు. ఆ శతాబ్దం ముగిసేలోపే రాచరికం చంద్రగిరికి తరలిపోయింది. 1687లో మొగలు సేనలు సిరాను ఆక్రమించి దానిని సుబాగా, అంటే రాష్ట్ర విభాగంగా చేసినప్పుడు, పెనుకొండ ఆ సుబాలోని ఏడు పరగణాలలో ఒకటైంది. మడకశిర దాటి పడమటికి పోతే వచ్చే ఆ సిరా పట్టణంలో సుబేదారు దిలావర్ ఖాన్ ఖాన్ బాగ్ అనే తోట వేయించాడు. 1760లో హైదర్ అలీ బెంగళూరులో లాల్‌బాగ్‌ను ప్రారంభించడానికి ఆ తోటే స్ఫూర్తి అని చెబుతారు. నీటి తొట్లు, నడకదారులు, చతురస్రాకారపు మడులు గల పారశీక సంప్రదాయపు తోటకళ ఈ విధంగా పెనుకొండ సీమకు పొరుగునే వేళ్ళూనుకుంది.

ఇంటి పెరటిలో ఈ శతాబ్దాల మార్పుల జాడ మొక్కల రూపంలో మిగిలింది. నేడు సంక్రాంతి అనగానే గుర్తుకు వచ్చే బంతి మెక్సికో ప్రాంతపు మొక్క. అమెరికా ఖండంతో సంబంధాలు ఏర్పడిన తరువాత, పోర్చుగీసువారి ఓడల కాలంలో భారతదేశానికి చేరింది. గొబ్బెమ్మల తలపై పెట్టే పసుపుపచ్చని పువ్వునిచ్చే తియ్యగుమ్మడిదీ అదే పుట్టిల్లు. మిరప సంగతీ అంతే. కాబట్టి బుక్కరాయల కాలపు పెనుకొండ పెరటిని ఊహించుకునేటప్పుడు ఈ మూడింటినీ తీసివేయాలి. అప్పుడు మిగిలేవి తులసి, మొల్ల, జాజి, మరువం, దవనం, గన్నేరు, మందారం, నందివర్ధనం, బీర, చిక్కుడు, బూడిద గుమ్మడి. బీరకు, బూడిద గుమ్మడికీ పసుపు పూలే కాబట్టి, తియ్యగుమ్మడి రాకముందు గొబ్బెమ్మకు ఆ పూలే అలంకారమై ఉండవచ్చు. కొత్త మొక్కను ఇంత నిస్సంకోచంగా పండుగలోకి, పూజలోకి తీసుకుని, రెండు మూడు వందల ఏళ్ళలో అది అనాదిగా ఉన్నదే అనిపించేలా చేసుకోవడం ఈ పెరటి సంస్కృతిలోని గొప్పతనం.

సీమలోని పాత ఇల్లు మిద్దె ఇల్లు. రాతి గోడల మీద దూలాలు, వాటి మీద బండలో కట్టెలో పరచి, పైన చవుడు మట్టి వేసి చదును చేసిన కప్పు అది. ఇంటి ముందు అరుగు, దాని ముందు వాకిలి. ఇంటి వెనుక దొడ్డి, అంటే పశువులు, గడ్డివామి, బావి, తోట అన్నీ కలిసిన ఖాళీ స్థలం. స్థోమత గలవారి దొడ్డిలో చేదబావి ఉండేది. తక్కినవారు ఊరబావి నుంచి కడవలతో మోసుకు వచ్చేవారు. పొలాల్లో ఎద్దులు లాగే కపిల, అనగా తోలుతిత్తితో నీరు తోడే సాధనం ఉంటే, ఇంటి దగ్గర గిరక మీద తాడు, బొక్కెన ఉండేవి. ఈ శ్రమంతా ఎక్కువగా స్త్రీలది. తోడిన నీరు నేరుగా మొక్కకు పోయడం అరుదు. ముందు ఇంటి అవసరాలు తీరాలి. బియ్యం కడిగిన కుడితి పశువులకు పోగా, స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు జలదారి గుండా, అంటే గోడ కింద తొలిచిన సన్నటి నీటిదారి గుండా, దొడ్డిలోకి పారేది. జలదారి మొదట అరటి, చేమ, ఆ తరువాత పసుపు, కొంచెం దూరంగా పూలమొక్కలు, చివర గోడ పక్కన పాదులు. నీటి దాహం ఎక్కువగలది దగ్గర, తక్కువగలది దూరం, ఇదే ఆ తోటకు నమూనా. కాగితం మీద గీసిన ప్రణాళిక లేకపోయినా, ఒకే నీటిని రెండుసార్లు వాడుకునే ఈ అమరికలో సింగాయభట్టు జలసూత్రం ఇంటి కొలతకు కుదించబడి కనబడుతుంది.

ఈ పెరటికి హేమంతంలో వచ్చే అందాన్ని కొన్ని మొక్కలను దగ్గరగా చూస్తే గాని గ్రహించలేము. వాటిలో మొదట చెప్పవలసినది అనప. రాగిచేలో సాళ్ళ మధ్యన, ఇళ్ళ దగ్గర కంచెల మీద పెరిగే ఈ తీగ పూత డిసెంబరులో పట్టి, సంక్రాంతికి కాయలతో నిండుతుంది. కన్నడ వారు దీనినే అవరె అంటారు. లేత కాయ అంచును వేలితో రాస్తే నూనెలాంటి జిగురు అంటుకుని, చేతులు కడుక్కున్నా చాలాసేపు వదలని ఒక ఘాటైన వాసన నిలుస్తుంది. మంచు బాగా పడ్డ ఏడు అనపకు వాసన ఎక్కువని రైతుల గట్టి నమ్మకం. మార్కెట్లో కాయను కొనేవారు కూడా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు. గింజలను రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క దాన్నీ బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే పొట్టు చేతిలో మిగిలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. దీనినే పితికిపప్పు అంటారు. ఇంటిల్లిపాదీ అరుగు మీద ఎండకు కూర్చుని చేసే ఈ పని, రాగిసంగటితో కలిపి తినే ఆ పప్పు పులుసు, ఈ సీమ చలికాలానికి రుచిరూపం.

రెండవది చామంతి. చైనా దీని జన్మస్థానమైనా, సీమ ఆడవారి జడకు, దేవుని పటానికి, గడప తోరణానికి చామంతి లేని పుష్యమాసం లేదు. ఇది చలికి పూస్తుందని సామాన్యంగా అనుకుంటారు గాని, దీనిని పూయించేది ముఖ్యంగా రాత్రి పొడవు. పగటి నిడివిని బట్టి మొక్కలు పూతకు వస్తాయన్న సంగతిని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ ప్రయోగాలతో నిరూపించారు. చామంతి, నాటు అనప రెండూ పగలు కుదించుకున్నప్పుడే మొగ్గ తొడిగే జాతికి చెందినవి. శాస్త్రం ఆ మాట చెప్పక ముందే పెరటి సేద్యం దానికి తగినట్టే సాగింది: జ్యేష్ఠ, ఆషాఢాలలో పిలకలు నాటడం, శ్రావణంలో తలలు తుంచి పక్క కొమ్మలు రప్పించడం, ఆ తరువాత తుంచడం మానేసి మొక్కను దాని మానాన వదలడం. మొగ్గ విచ్చే వేళకు పొగమంచు రోజులు వస్తాయి. తెల్లవారగానే చూస్తే చామంతి రేకుల నడుమ మంచునీరు నిలిచి పువ్వు తల వాలి ఉంటుంది. ఎండ పొడ తగిలి నీరు ఇగిరేకొద్దీ కాడ నిలబడుతుంది. ఆ మధ్యకాలంలో కోసిన పువ్వు దండలో త్వరగా మగ్గిపోతుందని తెలిసినవారు తడి ఆరేదాకా ఆగుతారు.

మల్లె వేసవి పువ్వు కాగా, శీతాకాలపు తెలుపు మొల్లది, నందివర్ధనానిది. ఊదా, తెలుపు రంగులలో కంచెల నిండా విరబూసే డిసెంబరు పూలు ఈ దేశపు మొక్కే అయినా, ఇంగ్లీషు నెల పేరుతోనే తెలుగువారి జడలలో స్థిరపడ్డాయి. వాసన లేకపోయినా రెండు రంగులను ఒకటి విడిచి ఒకటి కట్టే దండకు వాటిని మించినవి లేవు. కనకాంబరం నీడపట్టున, తక్కువ నీటితో బతకగలదు కాబట్టి జలదారికి దూరంగా ఉన్న గోడ మూలకు అదే తగిన మొక్క. పూల మధ్య కాయలను కూడా చూడాలి. మిద్దె మీదికో కంచె మీదికో పాకిన బూడిద గుమ్మడి కాయ ముదిరేకొద్దీ ఒంటి నిండా తెల్లటి పొడిని తొడుక్కుంటుంది. కాయలోని తడిని ఎండ పీల్చకుండా కాపాడే మైనం అది. మంచు దేశాల తోటలో నేలంతా పరుచుకునే తెలుపు వంటిది ఈ సీమ పెరటిలో ఎక్కడైనా ఉందంటే అది ఈ కాయ మీదనే. వేలు పెట్టి రాస్తే చెదిరిపోయి, కింద ఆకుపచ్చ చర్మం బయటపడుతుంది.

పెరటి శీతాకాలానికి ఆచారాలు హద్దులు గీశాయి. కార్తిక శుద్ధ ద్వాదశి నాడు తులసికోట పక్కన ఉసిరికొమ్మ నాటి పూజించడంతో మొదలై, మాఘ శుద్ధ సప్తమి నాడు, అంటే రథసప్తమికి, చిక్కుడుకాయలతో రథం చేసి సూర్యునికి నైవేద్యం పెట్టడంతో అది ముగుస్తుంది. మొదటి పండుగ ఉసిరి కాపు కాలం, చివరిది చిక్కుడు కాపు కాలం కావడాన్ని గమనిస్తే, ఈ పంచాంగాన్ని దిద్దినవారికి దొడ్డిలో ఏ వారం ఏది చేతికొస్తుందో బాగా తెలుసునని ఒప్పుకోవాలి. వీటి నడుమ ధనుర్మాసం, అంటే సూర్యుడు ధనూరాశిలో ఉండే డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా గల నెల వస్తుంది. ఆ నెలలో తోట వెనుక దొడ్డి నుంచి ముందు వాకిటికి నడిచి వస్తుంది. పేడనీటి కళ్ళాపితో ముదురు రంగుకు తిరిగిన నేల మీద బియ్యప్పిండితోనో, మెత్తటి తెల్లరాయి దంచి జల్లించిన ముగ్గుపిండితోనో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి గీసే ముగ్గులలో తామర, తీగ, మొగ్గ, ఆకు, పక్షి ఉంటాయి. పొగమంచులో చెమర్చిన నేల పిండిని పట్టి ఉంచుతుంది, గీత చెదరదు. పొడి వేసవిలో అదే గీత గాలికి లేచిపోతుంది. గొబ్బెమ్మల చుట్టూ పాడుకునే పాటలకు కనీసం అయిదువందల ఏళ్ళ లిఖిత చరిత్ర ఉంది. పక్క సీమవాడైన తాళ్ళపాక అన్నమాచార్యుడు గొబ్బిపాటలను సంకీర్తనలుగా మలిచాడు. హిందూపురం వైపు కన్నడ, తెలుగు ఇళ్ళు కలిసే ఉంటాయి కాబట్టి, అక్కడ సంక్రాంతికి నువ్వులు, బెల్లం, కొబ్బరి, వేరుశనగ, పుట్నాలు కలిపిన ఎళ్ళు-బెల్లం పంచుకోవడం కూడా ఈ పండుగలో భాగమైంది.

నేతపట్టణమైన ధర్మవరంలో కథ కొంత వేరు. మగ్గం గుంతకు, పడుగు సాచడానికి, రంగుల కడవలకు స్థలం పోగా నేతగాని ఇంట తోటకు మిగిలేది ఒక తులసికోట, రెండు కుండలు. ఇక్కడ తోట బట్ట మీద పెరిగింది. హిందూపురానికి దగ్గరలోని లేపాక్షిలో, పెనుకొండలో విజయనగర ప్రభువుల కోశాధికారిగా పనిచేసిన విరుపణ్ణ 1530ల నాటికి విస్తరింపజేసిన వీరభద్రాలయంలో లతామంటపం అనే స్తంభాల వరుస ఉంది. ఒక్కొక్క స్తంభం ముఖాల మీద ఒక్కొక్క రకం తీగ, ఆకు, పువ్వు చెక్కారు. ఒకదాని మెలిక మరొకదానికి సరిపోదు. ధర్మవరం పట్టుచీర అంచులలోని తీగలకు, బుటాలకు, అంటే చీర ఒంటి మీద విడివిడిగా నేసే చిన్న పూల గుర్తులకు, ఈ స్తంభాలే మూలమని సీమలో ప్రసిద్ధి. ఆలయం పైకప్పు చిత్రాలలోని స్త్రీల కొప్పులలో పూలు, చీరల మీద పూలు ఉండడం చూస్తే, రాతి మీద, రంగులో, పట్టులో ఒకే తోట మూడుసార్లు పూసిందని తెలుస్తుంది. వాన లేని ఏడాది కూడా ఎండిపోని తోట ఇదొక్కటే.

1800లో ఈ తాలూకాలు ఇంగ్లీషువారి పాలనలోకి వచ్చాయి. ఆ శతాబ్దం చివరి దశకంలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు రైలుమార్గం పడడంతో పెరటికి కొత్త ద్వారం తెరుచుకుంది. లాల్‌బాగ్ 1856లో ప్రభుత్వ ఉద్యానవనమై, దేశవిదేశాల మొక్కలను పెంచి పంచే కేంద్రంగా అప్పటికే మారి ఉంది. 1889లో అక్కడ గాజు మందిరానికి పునాది పడింది. క్రోటన్లు, బోగన్‌విల్లా, అంటుగట్టిన గులాబీలు పట్టణపు బంగళాలలో మొదట కనబడి, తరువాత మామూలు ఇళ్ళ వాకిళ్ళకు చేరాయి. గణతంత్ర దినోత్సవానికి లాల్‌బాగ్‌లో జరిగే పూల ప్రదర్శనకు వెళ్ళి, తిరుగు రైల్లో మొక్కతో రావడం హిందూపురం వాసులకు సులువైన పని.

గత అర్ధశతాబ్దిలో జరిగిన మార్పు మాత్రం రాజ్యాలు మారినప్పటి మార్పులన్నిటికంటే లోతైనది. బోరుబావులు పెరిగేకొద్దీ భూగర్భజలం అడుగుకు దిగి, చేదబావులు ఒక్కొక్కటిగా ఎండి, వాటిని చెత్తతో పూడ్చారు. దొడ్డిని పంచుకుని వాటాలుగా ఇళ్ళు కట్టుకున్నారు. మిగిలిన వాకిటికి సిమెంటు పూశారు. జలదారి నీరు పైపుల గుండా మురికికాలువలో కలిసింది. తోట చావడానికి నీటికొరత ఒక కారణమైతే, వాడిన నీటిని అవమానకరమైన వస్తువుగా చూడడం అంతకంటే పెద్ద కారణమైంది. హంద్రీ-నీవా పథకం ద్వారా కృష్ణా జలాలు ఇప్పుడు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాయి. ప్రతాప బుక్కరాయల కాలంలో పొరుగు నదిని తేవాలని తలపెట్టిన ఊరికి, ఆరు శతాబ్దాల తరువాత వందల కిలోమీటర్ల అవతలి నది వచ్చింది. ఆ నీటిలో ఒక పాయ తిరిగి పెరటిని తాకాలంటే జలదారి వంటి చిన్న ఏర్పాట్లను మళ్ళీ గౌరవించక తప్పదు.

పెరడు కుండీలలోకి కుదించుకుపోయిన ఇళ్ళలో సైతం మొక్కను మొక్కతో ఇచ్చిపుచ్చుకునే పద్ధతి చావలేదు. ఎండిన కనకాంబరం వెన్నును నీటిలో ముంచితే కాయలు చిటపట పగిలి గింజలు ఎగిరి పడతాయి. వాటిని కాగితంలో పొట్లం కట్టి ఇరుగుపొరుగుకు పంచుతారు. చామంతికి గింజ పనికిరాదు. పూత అయిపోగానే మొక్కను మొదలు దాకా కోసి, మొదలు దగ్గర నుంచి వచ్చే పిలకలను మళ్ళీ జ్యేష్ఠం దాకా బతికించుకోవాలి. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా, ఇంటికే నీళ్ళు చాలని ఆ నెలల్లో, ఊళ్ళో ఎవరో ఒకరు నీటితొట్టి పక్కన నీడలో రెండు మూడు తల్లిమొక్కలను తడి తగ్గకుండా కాపాడతారు. తొలకరి పడ్డాక తక్కిన ఇళ్ళవారు పిలకల కోసం వెళ్ళేది ఆ ఇంటికే.